కంగారూలలో కాక్సిడియోసిస్

కాక్సిడియోసిస్ అనేది ఐమీరియా ప్రజాతికి చెందిన ఏకకణ పరాన్నజీవుల వలన కలిగే ప్రేగు వ్యాధి. ఆస్ట్రేలియాలో మానవ సంరక్షణలో పెరిగే తూర్పు బూడిదరంగు కంగారూ పిల్లలకు ఇది ప్రాణాంతకం కాగలదు. తడినేల, ఇరుకైన ఆవరణ, పాలు మానే దశలోని ఒత్తిడి ఈ వ్యాధికి దోహదం చేస్తాయి.

లక్షణాలు

నీరసం, మేత మానడం, కడుపునొప్పి, రక్తంతో కూడిన విరేచనాలు ముఖ్య లక్షణాలు. కొన్ని పిల్లలు ఏ లక్షణమూ కనబడకుండానే హఠాత్తుగా మరణిస్తాయి.

వ్యాధి నిర్ధారణ

మలాన్ని గాఢమైన ఉప్పు లేదా చక్కెర ద్రావణంలో కలిపితే ఊసిస్టులు అనబడే పరాన్నజీవి కోశాలు పైకి తేలుతాయి. వీటిని సూక్ష్మదర్శినితో గుర్తిస్తారు. పక్వమైన ఐమీరియా ఊసిస్టులో 4 స్పోరోసిస్టులు, ఒక్కొక్క దానిలో 2 స్పోరోజాయిట్లు ఉంటాయి.

అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. ఆరోగ్యంగా ఉన్న కంగారూల మలంలో కూడా ఊసిస్టులు కనబడవచ్చు. మరోవైపు, అవి మలంలోకి రాకముందే ప్రేగు దెబ్బతిని పిల్ల మరణించవచ్చు. కావున వయస్సు, లక్షణాలు, ఆవరణ స్థితి కలిపి పరిశీలిస్తారు. అనుమానం బలంగా ఉన్నపుడు పశువైద్యులు ఫలితం కోసం వేచియుండక టోల్ట్రాజురిల్ అనే మందుతో చికిత్స ప్రారంభిస్తారు.

మరణించిన పిల్ల ప్రేగు లోపలిపొరను గీకి, సూక్ష్మదర్శినిలో పరిశీలించి వ్యాధిని నిర్ధారిస్తారు. దీనివలన అదే ఆవరణలోని మిగిలిన పిల్లలకు సకాలంలో చికిత్స అందించే వీలు కలుగుతుంది.