రెండు దాయభాగ పత్రములు : అబ్బాసీ, కరోలింగియను సామ్రాజ్యములు

క్రీ. శ. 802లో బాగ్దాదు ఖలీఫా హరూన్ అల్ రషీదు మక్కాయాత్ర చేసి, తన యనంతరము రాజ్యాధికారము పుత్రులకు సంక్రమింపవలసిన క్రమమును పత్రముల కెక్కించి, వానిని కాబా మందిరమున నుంచెను. పెద్ద కుమారులలో అమీనునకు ఖలీఫా పదవియు, మామూనునకు ఖురాసాను పాలనమును, పిమ్మట ఖలీఫా పదవియు నిర్ణయింపబడెను. 806లో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేను తన రాజ్యమును మువ్వురు కుమారులకు పంచుచు శాసనము గావించెను. ఈ ప్రభువు లిరువురును సమకాలికులు. వారి నడుమ నడచిన రాయబారములను ఫ్రాంకుల చరిత్రకారులు పేర్కొనిరి. అరబ్బుల చరిత్రలయం దా ప్రస్తావనము కానరాదు. హరూను పంపిన యేనుగు 802లో ఆఖెన్ నగరము చేరెను. ఇరువురి పత్రములును తుదకు నిష్ఫలములయ్యెను. ఆ వైఫల్యములను పోల్చి చూచినచో రెండు రాజ్యముల నిర్మాణభేదము తేటపడగలదు.

అబ్బాసీ రాజ్యమునకు పన్నులే పునాది. ఇరాకునందలి సారవంతములైన భూములనుండియు, ఇతర రాష్ట్రములనుండియు 'ఖరాజు' అను భూమిశిస్తు వసూలై, 'దివాను' లనబడు కార్యాలయముల లెక్కల కెక్కి, సైనికులకు జీతముగా చెల్లుచుండెను. తెలుగున వాడుకలోనున్న 'దివాణము' అను మాట యీ పదమునుండి వచ్చినదే. బంగారు దీనారములును, వెండి దిర్హములును చెలామణి యగుచుండెను. ఎనిమిదవ శతాబ్ది చివరినాటికి కార్యాలయములందు కాగితపు వాడుకయు మొదలయ్యెను.

షార్లమేను రాజ్యమున నిట్టి యేర్పాటు లేదు. రోమకుల కాలమునాటి భూమిశిస్తు అప్పటికే లుప్తమైయుండెను. ఒక పౌను వెండికి 240 చొప్పున ముద్రింపబడిన చిన్న నాణెములే ప్రధానమైన ద్రవ్యము. రాజు తన సొంత భూముల ఫలసాయముపైనను, యుద్ధములందు లభించిన ధనముపైనను ఆధారపడుచుండెను. 796లో కొల్లగొన్న అవారుల ధనరాశి యిట్టిదే. కౌంటులను స్థానికాధికారులకు జీతమునకు బదులు భూములే లభించుచుండెను. వారి నడవడిని విచారించుటకు చక్రవర్తి ప్రత్యేక ప్రతినిధులను జంటలుగా పంపుచుండెను.

హరూను 809లో మరణించెను. 811లో సోదరులకు యుద్ధము సంభవించెను. మామూను సేనలు బాగ్దాదును ముట్టడించి 813లో పట్టుకొనగా, అమీను వధింపబడెను. పత్రము భగ్నమైనను రాజ్యము చీలిపోలేదు. ఏలయన, సైన్యమును పోషించు ధనాగార మొక్కటియే. దానిని గెలిచినవానిదే సర్వాధికారము.

ఫ్రాంకుల విషయ మిందుకు భిన్నము. షార్లమేను కుమారులలో నిరువురు 810, 811 సంవత్సరములలో గతించుటచే, 814లో రాజ్య మవిభక్తముగా లూయీకి దక్కెను. కాని లూయీ మరణానంతర మతని కుమారులు 841లో ఫోంటెనాయి కడ పోరాడి, 843లో వెర్డన్ సంధిచే రాజ్యమును మూడు భాగములు గావించుకొనిరి. భూమి పంపకమునకు లోబడునది. ప్రతి రాజకుమారునకును తన వారి కీయదగిన భూములు వలసియుండెను. ప్రభువర్గమునకు తమ భూములను స్థిరపరుపగల రాజు వలసియుండెను.

పిదప రెండు రాజ్యములును తమ తమ పునాదుల కడనే బలహీనపడెను. 836లో రాజధాని సామర్రాకు మారెను. 861లో తురుష్క సైనికులు ఖలీఫా ముతవక్కిలును వధించిరి. దూరరాష్ట్రములు శిస్తు పంపుట మానిన కొలది జీతము లందని సైన్యము రాజధానినే శాసింపసాగెను. 945లో బువైహీలు బాగ్దాదును వశపరచుకొనిరి. పశ్చిమమున నొకసారి యిచ్చిన భూములు తిరిగి రాజును చేరుట యరుదయ్యెను. కౌంటుల పదవులు క్రమముగా వంశపారంపర్యములయ్యెను. 888 నాటికి సామ్రాజ్యము పలు రాజ్యములుగా విడిపోయెను. అచ్చట కేంద్రము పరుల చేజిక్కెను. ఇచ్చట కేంద్రమే కరగిపోయెను.

ఐనను బిరుదములు నశింపలేదు. బాగ్దాదున ఖలీఫా పీఠము 1258లో మంగోలులు నగరమును ధ్వంసము చేయువరకు నిలిచెను. పశ్చిమమున చక్రవర్తి పదవిని 962లో జర్మను రాజగు ఆటో మరల స్వీకరించెను. ఆజ్ఞాపించు శక్తి పోయినను, ఆ పేరుల యందు ప్రజలకుండిన గౌరవము శతాబ్దములు నిలిచియుండెను.