రైలు, అంగడి, మందుసీసా: పందొమ్మిదవ శతాబ్దపు పత్రికా ప్రకటనలు

పాతపత్రికలను పరిశోధించువారు సాధారణముగా మొదటి పుటలనే చదువుదురు. సంపాదకీయములు, ప్రభుత్వోత్తరువులు, సంఘసంస్కరణ వివాదములు మన చరిత్రగ్రంథములలోనికి ఎక్కినవి. కడపటి పుట మాత్రము ఎక్కలేదు. అచ్చట జ్వరమునకు మాత్రలు, తలనొప్పికి లేపనములు, గడియారములు, గొడుగులు, పంచాంగములు, రైలుబండ్ల వేళలు సన్నని అక్షరములలో ఒకదాని ప్రక్కన ఒకటి కిక్కిరిసి యుండును. ఇవి అబద్ధముల పుట్టలని కొందరు వీనిని త్రోసివేయుదురు. వీనిలో అబద్ధములు కొల్లలుగా నున్నమాట నిజమే. కాని ముఖమెరుగని వర్తకుని నమ్మి, ఎన్నడును చూడని ఊరినుండి సరకు తెప్పించుకొను అలవాటు మనవారికి ఎట్లు అబ్బినదో తెలుపు సాక్ష్యము ఈ పుటలో దొరకినంతగా వేరొకచోట దొరకదు. ప్రకటనల చరిత్ర యనగా నమ్మకము చేతులు మారిన చరిత్ర.

పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరమున ముత్తియాల్‌పేట కలదు. తెలుగు చెవికి ముత్యాలపేటగా వినిపించు ఈ పేరు నగల వర్తకమును తలపించినను, ఇది మగ్గముల పేట. పుదుచ్చేరి ప్రాంతమున నేసి, నీలిరంగులో ముంచిన గినీగుడ్డ ఓడలనెక్కి పడమటి ఆఫ్రికాలోని సెనెగాలునకు పోయి, అచ్చట తుమ్మజాతి చెట్ల బంకకు మారకముగా చెల్లెడిది. గుడ్డ సముద్రములు దాటినను, నేసినవాడు తన సరకు కొన్నవానిని ఎన్నడును చూచి యెరుగడు. నడుమ దళారి యుండెను, దుబాసి యుండెను. వారి మాటయే పూచీ. పదునెనిమిదవ శతాబ్దమున పుదుచ్చేరి దుబాసిగా ప్రసిద్ధికెక్కిన ఆనందరంగ పిళ్ళ పేర కస్తూరి రంగకవి తెలుగున ‘ఆనందరంగరాట్ఛందము’ రచించెను. ఒక వర్తకుని పేరు కావ్యలోకమువరకు పాకుటనుబట్టి, ఆ కాలమున వ్యాపారమునకు మూలధనము మనిషి పేరేయని గ్రహింపవచ్చును.

చిల్లర వ్యాపారమునను ఇదే ధర్మము. వీధిలోని శెట్టికి కొనువాని తాత తెలియును, తండ్రి తెలియును, పంట ఎప్పుడు చేతికి వచ్చునో తెలియును. అరువు ఆ ఎరుక మీద నడిచెడిది. వైద్యము సంగతి చెప్పనక్కరలేదు. వైద్యుడు ఇంటికి వచ్చి, నాడి చూచి, మందు నూరి, పథ్యము చెప్పి పోయెడివాడు. మందు పనిచేయకున్నచో మరునాడు అతనినే నిలదీసి యడుగవచ్చును. మందు వెనుక మనిషి యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధములో వచ్చిన గొప్పమార్పు ఆ మనిషి కనుమరుగగుటయే.

అతని స్థానమున వచ్చినవి నాలుగు. 1877లో ఇంగ్లీషు ఇండియా తపాలాశాఖ వి.పి. పద్ధతిని ప్రవేశపెట్టెను. 1879 జూలైలో కాలణా కార్డు వచ్చెను. 1880లో మనియార్డరు తపాలాకచేరీల చేతికి వచ్చెను. ఈ నడుమ 1879 డిసెంబరులో విలుప్పురమునుండి పుదుచ్చేరికి మీటరుగేజి రైలుమార్గము తెరువబడెను. మార్గము పొడవు సుమారు 38 కిలోమీటర్లే. కాని విలుప్పురము చేరినవానికి మద్రాసు ఒకవైపు, తంజావూరు ఒకవైపు అందుబాటులోనికి వచ్చెను. విలుప్పురమునుండి కాట్పాడి, పాకాల మీదుగా ధర్మవరమునకు పోవు మార్గము 1891 నాటికి పూర్తికాగా, తిరుపతి యాత్రికులకును రాయలసీమ వర్తకులకును ఫ్రెంచివారి రేవు చేరువయ్యెను.

ప్రకటనకు బలము వచ్చినది ఈ నాలుగింటి కలయికవలననే. పల్లెటూరి చదువరి పత్రికలో మందు పేరు చూచును. కాలణా కార్డు మీద తన చిరునామా వ్రాసి పంపును. రైలులో పొట్లము వచ్చును. తపాలాబంట్రోతు సొమ్ము పుచ్చుకొని పొట్లము చేతికిచ్చును. కొనువానికి వర్తకుడు తెలియడు, వర్తకునికి కొనువాడు తెలియడు. ఇద్దరికి నడుమ ప్రభుత్వపు తపాలా మధ్యవర్తి యయ్యెను. పూర్వము దళారి మాట ఎట్టిదో ఇప్పుడు తపాలాముద్ర అట్టిది. అయితే వి.పి. పొట్లమును సొమ్ము చెల్లించిన పిమ్మటగాని విప్పి చూచుటకు వీలులేదు. వర్తకుని భయము పూర్తిగా తీరెను. కొనువాని భయము పొట్లము విప్పువరకు అట్లే మిగిలెను. ఆ భయమును పోగొట్టుటకే ప్రకటన భాష పుట్టెను.

రైలు తెచ్చినది సరకు మాత్రమే కాదు, గడియారమును తెచ్చెను. దక్షిణదేశపు రైలుబండ్లు మద్రాసు కాలమును అనుసరించి నడిచెడివి. సూర్యుని లెక్కను చూచినచో పుదుచ్చేరి మద్రాసునకు రెండు నిమిషములకు తక్కువగా వెనుకబడి యుండును. ప్రొద్దును చూచి మగ్గము విడుచు ఊరిలో ఆ రెండు నిమిషముల కింతవరకు విలువ లేదు. బండి తప్పిపోవు భయము వాని విలువను నేర్పెను. రైలు వేళల పట్టికయు, గడియారముల ప్రకటనయు ఒకే పుటలో చేరుటయందు వింత యేమియు లేదు. ఒకటి అక్కరను పుట్టించుచుండగా, రెండవది ఆ అక్కరను అమ్ముకొనుచుండెను.

పుదుచ్చేరిలో అచ్చుపనికి తనదైన చట్టబద్ధమైన చరిత్ర కలదు. ఫ్రాన్సులో 1881 జూలై 29వ తేదీన చేయబడిన పత్రికాస్వాతంత్ర్యచట్టము వలసరాజ్యములకును వర్తించెను. ఆ చట్టము పత్రికలను గూర్చియేకాక గోడలమీద అంటించు కాగితములను గూర్చియు నియమములు చేసెను. తెల్లకాగితముపై అచ్చువేసి అంటించు అధికారము ప్రభుత్వ ప్రకటనలకే చెల్లును. ఇతరులు రంగుకాగితము వాడవలెను. అధికారి మాటకును అంగడివాని మాటకును భేదము అక్షరము రానివానికిగూడ దూరమునుండియే తెలియునట్లు చేయుట దీని తాత్పర్యము. రాజముద్ర గల మాట వేరు, సరకు అమ్ముకొనువాని మాట వేరు అను వివేకము ఆ చట్టమున కున్నది. ఆ వివేకమునే చెరిపివేయుటకు మందుల వర్తకులు ఎంతో నేర్పు చూపిరి.

ఇంగ్లండులోని ‘పేటెంటు’ మందుల కథయే ఇందుకు నిదర్శనము. వీనిలో పెక్కింటికి నిజమైన పేటెంటు లేదు. పేటెంటు కోరినచో మందులోని సరకులను బయటపెట్టవలసివచ్చును. రహస్యమే వీని సొత్తు. 1783 మొదలు ఇట్టి మందులపై ప్రభుత్వము పన్ను విధించి, సీసాలకు ముద్రకాగితము అంటింపజేసెను. అది పన్ను కట్టిన గురుతు మాత్రమే; అయినను మందు మంచిదని ప్రభుత్వమే పూచీ పడినట్లు జనులు భావించిరి. తామస్ హాలోవే అను వర్తకుడు 1837లో తన లేపనమునకు ప్రకటనలు మొదలుపెట్టి, తరువాత మాత్రలను చేర్చి, తుదిదశలో ఏటేట 50,000 పౌనులు ప్రకటనలకే వెచ్చించెను. బీచమ్ మాత్రలలో ముసాంబరము, శొంఠి, సబ్బు తప్ప వేరేమియు లేవనియు, 13½ పెన్నీలకు అమ్ముడుపోవు పెట్టెలోని సరకు విలువ పెన్నీలో ఎనిమిదవ వంతనియు బ్రిటిషు వైద్యసంఘము 1909లో విశ్లేషించి ప్రచురించెను. అనగా వెల సరకునకు నూరురెట్లకు మించినది. ఆ నూరురెట్లలో అధికభాగము మాట ఖరీదు.

అయినను కొన్నవారందరు మూఢులని తీర్పు చెప్పుట న్యాయము కాదు. క్లోరోడైను సంగతి చూడుడు. భారతదేశమునందలి సైన్యములో వైద్యుడుగా నుండిన కాలిస్ బ్రౌను దీనిని కలరాకు విరుగుడుగా కల్పించెను. నల్లమందు, గంజాయి, క్లోరోఫారము ఇందలి ముఖ్యద్రవ్యములు. నల్లమందు విరేచనమును కట్టును, నొప్పిని అణచును. కనుక రోగికి ఉపశమనము నిజముగానే కలిగెడిది. కాని అది కలరాను కుదుర్చలేదు. అలవాటైనవారిని మాత్రము వదలలేదు. పోటీవర్తకుడగు ఫ్రీమనుతో వచ్చిన వ్యాజ్యములో 1864లో న్యాయాధిపతి బ్రౌనుదే అసలు మందని పలుకగా, ఆ మాట దశాబ్దములపాటు ప్రకటనలకు శిరోభూషణమయ్యెను. న్యాయస్థానము తేల్చినది మందును కల్పించినవా డెవరను ప్రశ్న. చదువరికి తోచినది మందు గుణమును గూర్చిన తీర్పు. కలరా క్రిమిని రాబర్టు కోఖ్ కలకత్తాలో గుర్తించినది 1884లో. అంతవరకు, ఆ తరువాత చాలకాలము గూడ, చిన్నయూరి గృహస్థునికి రాత్రి రెండుజాములవేళ బిడ్డకు వాంతులు పట్టినప్పుడు చేతికందునది అలమారులోని సీసా యొక్కటియే. ఆసుపత్రి దూరము, వైద్యుడు నిద్ర, సీసా దగ్గర. మందుల ప్రకటన అమ్మినది ఆ దగ్గరతనమును.

తెలుగుదేశమున చిన్నయూళ్ల పత్రికలు తలయెత్తినది ఈ కాలముననే. వీరేశలింగము పంతులు 1874లో రాజమహేంద్రవరమున వివేకవర్ధనిని స్థాపించినప్పుడు, తొలి సంచికలు మద్రాసులో అచ్చయి రావలసియుండెను. అప్పటికి ఆ తీరమున రైలు లేదు. మద్రాసు, బెజవాడల నడుమ రైలుమార్గము 1899 నాటికిగాని కలియలేదు. గోదావరిపై వంతెన 1900లోగాని తెరువబడలేదు. చందాసొమ్ము చిన్నది, అది వచ్చుటయు అరుదు. పత్రిక నిలువవలెనన్న వేరొక ఆదరువు కావలెను. ఆ ఆదరువు మందుసీసా రూపమున వచ్చినది.

ఇచ్చట మరియొక ముత్తియాల్‌పేటను తలచుకొనవలెను. మద్రాసులో నేడు జార్జిటౌను అనబడు పాతపట్టణమున తూర్పుభాగమునకును ఇదే పేరు. తంబుచెట్టి వీధి అందులోనిది. కలకత్తాలోను బొంబాయిలోను మందుల వ్యాపారపు మెలకువలు నేర్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించెను. సంగీతసభలలో ఆ లేపనమును ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరని ప్రతీతి. అమృతాంజనపు రాబడితో 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెడలెను. 1914లో అది మద్రాసునకు వచ్చి దినపత్రిక యయ్యెను. తంబుచెట్టి వీధియే దాని నెలవు. 1924లో భారతి మాసపత్రిక దానికి తోడుగా వచ్చెను. 1900లో మద్రాసున కేసరికుటీరమును నెలకొల్పి, స్త్రీల మందుగా లోధ్రను అమ్మిన డాక్టరు కె.ఎన్.కేసరి 1928లో గృహలక్ష్మి పత్రికను నడుపుటకు పూనుకొనెను. ఇతరులు పత్రికలో మందును ప్రకటింపగా, వీరు మందుతో పత్రికనే పోషించిరి. తెలుగువచనమునకును, కథకును, సాహిత్యవిమర్శకును లభించిన పోషణలో తలనొప్పులవంతు కొంత యున్నదని చెప్పుట పరిహాసము కాదు.

భాషకు కలిగిన లాభము మరియొకటి కలదు. ప్రకటన వ్రాయువానికి స్థలము కొద్ది. ప్రతి పంక్తికి వెల యున్నది. సమాసములు పేర్చుటకు వీలులేదు. రోగమేదియో, మందేదియో, వెల యెంతయో, తపాలాఖర్చు ఎవరిదో, చిరునామా యేదియో వరుసగా చెప్పవలెను. నకళ్లను చూచి మోసపోవలదని హెచ్చరింపవలెను. గుణము పొందినవారి జాబులను ప్రచురింపవలెను. చదువరిని ఎదుట నిలుపుకొని నేరుగా మాటలాడు ఈ వచనము పండితుల గద్యముకంటె వ్యవహారమునకు దగ్గరగా నడిచెను. ఆ జాబులలో కొన్ని కల్పితములై యుండవచ్చును. అయినను ఊరిపెద్ద చెప్పిన మాటకు బదులు ఎచ్చటనో ఉన్న ఉపాధ్యాయుడో గుమాస్తాయో చెప్పిన మాట చెల్లుబాటగుట క్రొత్తసంగతి.

ఈ పుటలో కనబడనివారిని గూర్చియు చెప్పవలెను. ముత్తియాల్‌పేట నేతగాడు ప్రకటన వేసికొనలేదు. పుదుచ్చేరిలో సవానా మిల్లు 1820–30 సంవత్సరముల నడుమనే వెలసెను. 1898లో రోడియరు మిల్లు వచ్చెను. ఆవిరియంత్రపు గుడ్డకు రైలు దారి చూపెను. అమ్మునదియే ప్రకటనకెక్కును, పోగొట్టుకొన్నది ఎక్కదు. కనుక కడపటి పుటను చదువు చరిత్రకారుడు దాని సందడిని ఊరి సౌభాగ్యముగా భ్రమపడరాదు.

తపాలాదారి అందరికిని ఒక్కరీతిగా తెరచియుండలేదనుటకు పుదుచ్చేరియే సాక్షి. సుబ్రహ్మణ్యభారతి సంపాదకత్వమున నడిచిన ‘ఇండియా’ తమిళ వారపత్రిక 1908లో మద్రాసు విడిచి పుదుచ్చేరికి చేరెను. ఫ్రెంచినేలపై దానిని అచ్చువేయుటను ఇంగ్లీషువారు ఆపలేకపోయిరి. తమ సీమలోనికి రానీయక ఆపిరి. 1910లో ఆ పత్రిక నిలిచిపోయెను. అదే కాలమున సర్వరోగనివారిణుల ప్రకటనలకు ఇంగ్లీషు ఇండియాలో అడ్డుచెప్పు శాసనము లేకుండెను. రాజ్యమునకు ప్రమాదమని తోచిన మాట సరిహద్దున ఆగెను. రోగికి ప్రమాదమగు మాట ఇంటింటికి చేరెను.

మందుల నాణ్యమునకు చట్టము 1940లోగాని రాలేదు. కొన్ని రోగములను కుదుర్తుమని ప్రకటించుటను నిషేధించు చట్టము స్వతంత్రభారతమున 1954లో వచ్చినది. పుదుచ్చేరి పాలన భారతదేశము చేతికి వచ్చినదియు ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీననే. చట్టము వర్తకుని నోటికి హద్దు పెట్టగలదు. రాత్రివేళ రోగి ప్రక్కన కూర్చున్నవాని నిస్సహాయతను తీర్పజాలదు. వైద్యుడు ఎంతదూరమున నుండునో, ప్రకటన మాట అంత గట్టిగా వినబడును. పాతపత్రికల కడపటి పుటను ఆ దూరమును కొలుచు కొలబద్దగా చదివినచో, అందలి అబద్ధములుగూడ మనకు నిజము చెప్పును.