జోడేఘాట్ తర్వాత కేస్లాపూర్: నాగోబా దర్బార్ ఎందుకు పుట్టింది?

ప్రతి ఏటా పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం జరుగుతుంది. మహాపూజ, కొత్త కోడళ్ల భేటింగ్ అయ్యాక దర్బార్. మన యువత జాతరకు ఉత్సాహంగా వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, దర్బార్ నాటికి చాలామంది ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ దర్బార్ వెనుక ఎంత నెత్తురు ఉందో తెలిస్తే అలా వెళ్లరేమో.

1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాడు. అంతకుముందు ఆయన గోడు చెప్పుకోవడానికి హైదరాబాదు దాకా వెళ్లాడని, నిజాం దర్శనం దొరకలేదని మన పెద్దలు చెబుతారు. సాగుచేసుకున్న భూమి ఎవరి పేరునో పట్టా అయ్యేది. అడవి ఒక్కసారిగా 'రిజర్వు' అయిపోయేది. చెప్పుకుందామంటే ఆఫీసు ఎక్కడో, భాష మరొకటి. వినేవాడు లేకపోతే ఏమవుతుందో జోడేఘాట్ చూపించింది.

కాల్పుల తర్వాత నిజాం ప్రభుత్వం కారణాలు వెతకవలసి వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. పాలకుల మనిషే కదా అని ఇప్పటికీ కొందరు అంటారు, ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆయన గోండీ నేర్చుకున్నాడు. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మార్లవాయిలోనే మొదలైంది, గోండీ వాచకాలు వచ్చాయి. ఎంతోమందికి భూమి పట్టాలు దక్కాయి.

నాగోబా దర్బార్ కూడా ఆ 1940లలోనే మొదలైంది. ఆలోచన చాలా సాదా. జాతరకు అన్ని గూడేల వాళ్లూ ఎలాగూ వస్తారు. అలాంటప్పుడు జనం ఆఫీసుల చుట్టూ తిరగడమెందుకు, అధికారులే దేవుడి దగ్గరికి వచ్చి కూర్చుంటే పోలేదా? అసలు గొప్పదనం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. చోటు మనది, రోజు మనది, వచ్చి వినవలసింది వాళ్లు. గోండులే కాదు, కొలాములు, పరధానులు, తోటీలు కూడా అక్కడ నిలబడి మాట్లాడవచ్చు.

ఇది పరాయివాళ్లు నేర్పిన విద్య కాదు. పట్లా ముందు ఊరంతా కూర్చుని తగవు తీర్చుకోవడం మనకు ఎప్పటినుంచో ఉంది. సార్మేడి పెద్దరికంలో రాయ్ సెంటర్లు ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాయి. ఇరుపక్షాల మాటా పూర్తిగా వినందే తీర్పు చెప్పరు. ఆడవాళ్ల మాటకు మాత్రం అక్కడ చోటు తక్కువే, ఇది మనం ఒప్పుకోవాలి.

దర్బార్ ఉంది కాబట్టి అన్నీ సర్దుకున్నాయని కాదు. 1981 ఏప్రిల్ 20న, ఇదే ఇంద్రవెల్లిలో, భూమి సమస్యల మీద సభ పెట్టుకోవడానికి అనుమతి లేదన్నారు. అప్పటికే జనం బయలుదేరారు. పోలీసులు కాల్చారు. అధికారిక లెక్క 13 మంది, మన ఊళ్లు చెప్పే లెక్క అంతకు చాలా ఎక్కువ. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి వెళ్లి పూలు పెట్టాలన్నా ఆంక్షలే. మాట వినే దర్బార్, మాటకు ముందే తూటా పేలిన సంత, రెండూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి.

ఇప్పుడు దర్బార్‌లో వేదిక ఎత్తు పెరిగింది, ప్రసంగాలు పొడుగయ్యాయి, జనం చేతిలో మాటకు బదులు అర్జీ కాగితం మిగిలింది. అయితే 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకే బలం ఇచ్చాయి. అటవీ హక్కుల సభకు ఊరి సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. ఈ నిబంధన ఎంతమందికి తెలుసు?

ఒక గ్రామసభలో నేను చూశాను. సంతకాల పుస్తకం ముందే చేతులు మారుతోంది. ఒక అవ్వ వేలిముద్ర వేయనంది. "అందులో ఏముందో మన మాటలో చదివి చెప్పండి" అంది. చదవడానికి లేచింది ఇంటర్ చదివే ఆమె మనవరాలు. గోండీలో చెప్పడానికి అరగంట పట్టింది. తర్వాత తీర్మానంలో రెండు వాక్యాలు కొట్టేసి మళ్లీ రాశారు.