కామెర్లు – ఒక రంగు కథ

పచ్చకామెర్ల వానికి లోకమంతయు పచ్చగా కనబడునను సామెతను మన శ్రోతలందరు వినియే యుందురు. నిజమునకు రోగి చూపు పచ్చబడదు. అతని కన్నే చూచువారికి పచ్చగా తోచును. ఇందూరు, బోధను ప్రాంతములలో దీనిని పసిరికెలందురు. గోదావరి, మంజీర, హరిద్ర కలియు కందకుర్తి సంగమమును తలచినప్పుడు మాకీ సంగతి స్ఫురించినది. హరిద్ర యనగా పసుపే గదా! పసుపునకును చెరకునకును పేరొందిన ఆ సీమలో, కామెర్ల రోగికి పసుపు కూడదనియు చెరకు రసమే మందనియు పెద్దలు చెప్పుదురు. పసుపు తినుటవలన ఈ రంగు రాదు. చెరకు రసమందురా, అది శుభ్రమైనదైన హాని లేదు. మురికి నీటి మంచు కలిపినదైనచో అదియే రోగమును తెచ్చును.

చరకసంహిత పాండురోగ ప్రకరణముననే కామలను వర్ణించినది. రక్తమునకును ఈ రంగునకును సంబంధమున్నదని మన పూర్వులు ఊహించుట గమనింపదగినది. పాత ఎర్ర కణములు విరిగినప్పుడు బిలిరుబిన్ అను పసుపు వన్నె పదార్థము పుట్టును. కాలేయము దానిని పైత్యరసముతో ప్రేగులలోనికి పంపివేయును. కణములు మితిమీరి విరిగినను, కాలేయము చెడినను, రాయి దారికి అడ్డుపడినను ఆ రంగు మేన నిలుచును. కనుక కామెర్లు ఒక రోగము కాదు, పెక్కు రోగముల గుర్తు.

1955 చివర ఢిల్లీలో యమునలోనికి మురుగు ఎదురెక్కి, నగరమునకు నీరు తోడు చోటికి చేరెను. కొలది వారములలో ఇరువదితొమ్మిది వేలకు పైగా జనులు కామెర్ల పాలైరి. నీటిలో క్లోరిన్ పెంచుటచే టైఫాయిడ్ చెలరేగలేదు గాని ఈ సూక్ష్మజీవి చావలేదు. అది హెపటైటిస్ ఇ అని దశాబ్దముల తరువాత తేలినది. గర్భిణులకు, అందును చివరి మాసములలో, ఇది ప్రాణాంతకము. ఏటి నీటిని కాచక త్రాగు అలవాటున్న ఊళ్ళన్నియు ఈ కథను జ్ఞాపకముంచుకొనవలెను. తక్కినవారిలో పెక్కుమందికి ఇది కొన్ని వారములలో తనంత తానే నెమ్మదించును. ఆ కీర్తి పసరు మందునకు, చేతిపై పెట్టిన వాతకు దక్కుచుండును. రక్తముద్వారా సోకు హెపటైటిస్ బి జాడను 1965లో బ్లూంబర్గ్ పండితుడు కనుగొనెను. దాని టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశమున తయారుచేసి విడుదల చేయుట మనకు గర్వకారణము.

పసికందుల సంగతి వేరు. వారి కాలేయమింకను పరిపక్వము కాదు. అందుచే సగముకంటె ఎక్కువమంది శిశువులకు తొలి వారమున మేను పచ్చబడి క్రమముగా తగ్గిపోవును. హద్దు మీరినచో ఆ పదార్థము మెదడునకెక్కి, చెవుడును అవిటితనమును, ఒక్కొక్కప్పుడు మరణమును కలిగించును. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డు అను నర్సు శిశువులను తోటలో ఎండకు త్రిప్పుచుండెడిది. ఒకనాడొక బిడ్డను వైద్యులకు చూపెను. మేనంతయు తెల్లబడినది, దుప్పటి మూల కప్పిన ముక్కోణపు చోటు మాత్రము పచ్చగా మిగిలినది! కిటికీలో ఎండ తగిలిన రక్తపు గొట్టములో సైతము బిలిరుబిన్ తగ్గుట చూచి, క్రెమర్ మొదలగు వైద్యులు 1958లో దీపకాంతి చికిత్సను ప్రకటించిరి. నేటి ఆసుపత్రులలోని నీలి దీపము ఆ నర్సు చూపు చలువయే.

అట్లని ఇంటి ముంగిట ఎండ చాలునని తలపరాదు. లేత చర్మము కమలును, కాంతి మోతాదు తెలియదు, కాలము వృథాయగును. ఇంకొక మాట. బాలింతరాలి గది చీకటిగా నుంచి, బిడ్డకు పసుపు పూసి నలుగు పెట్టు ఇండ్లలో మేని పసుపేదో రోగపు పసుపేదో తెలియదు. పూతకు ముందే పగటి వెలుతురులో బిడ్డ కనుతెలుపును, ముఖమును, అరికాళ్ళను చూడవలెను. పుట్టిన 24 గంటలలోపల రంగు కనబడినను, అరికాళ్ళవరకు ప్రాకినను, రెండు వారములు దాటినను, మలము సున్నమువలె తెల్లనైనను, బిడ్డ పాలు మాని మగతగా పడియున్నను ఆ పూటయే ఆసుపత్రికి కొనిపోవలెను.