వనమూలికలు – ఊరుమ్మడి కావలి

విస్సన్నపేట వంటి మెట్టసీమలందు తిప్పతీగ, ఉత్తరేణి, నేలవేము, సుగంధిపాల మున్నగునవి ఎవ్వరును విత్తకయే మొలచును. జ్వరమునకు నేలవేము కషాయము, వేసవితాపమునకు సుగంధిపాల పానకము తెలుగునాట గృహవైద్యమందు చిరకాలముగ వాడుకలో నున్నవి. కాని గింజ రాలకమునుపే కోయుటచేతను, వేళ్లతో పెకలించుటచేతను, కార్చిచ్చులచేతను ఇట్టి మూలికలు పలుచోట్ల అరుదగుచున్నవి. వీనిని కాపాడువారెవరు?

1882 నాటి మద్రాసు అటవీశాసనముతో రిజర్వు అడవులు ప్రభుత్వాధీనమయ్యెను. పశువుల మేతకు పుల్లరి చెల్లింపవలసివచ్చెను. ఆ పుల్లరి నెదిరించియే పల్నాటియందు కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణము లర్పించెను. హక్కు తొలగినచోట కాచుకొను శ్రద్ధయు సన్నగిల్లుట సహజము. ప్రభుత్వము ఈ సత్యమును గుర్తించుటకు నూరేండ్లకు పైగా పట్టినది. 1990 నాటి కేంద్రప్రభుత్వ ఉత్తరువు ననుసరించి, 1992లో ఆంధ్రప్రదేశమున వనసంరక్షణ సమితుల పద్ధతి అమలునకు వచ్చెను.

ఆ దినములందే నాటి అనంతపురము జిల్లాలోని చెన్నేకొత్తపల్లి ప్రాంతమున వేరొక ప్రయత్నము జరిగినది. 1990లో టింబక్టు కలెక్టివ్ స్థాపకులు 32 ఎకరముల బీడును కొని, మేతను, మంటను, గొడ్డలిని దాని దరి చేరనీయరైరి. నేలలో మిగిలిన వేళ్లు చిగిర్చెను, గడ్డి లేచెను. అది చూచి ముష్టికోవెల గ్రామస్థులు తమ కొండలను తామే కాచుకొన నారంభించిరి. మంట దాటకుండ గడ్డిని చెక్కి బాటలు తీసిరి, కావలివారిని నియమించిరి, విత్తనములు చల్లిరి. పొరుగు గ్రామములును చేరగా, ఏడువేల ఎకరములకు మించిన ఆ వనము ‘కల్పవల్లి’ అయ్యెను. గడ్డి నీడన తేమ నిలిచెను. తేమ నిలిచినచోట మూలికలును మరల తలయెత్తెను.

అయినను రెవెన్యూ దస్తరములందు ఆ నేల ‘బంజరు’గనే నిలిచెను. ఆ పేరుతోనే కొంతభాగము గాలిమరలకు ఈయబడెను. బాటలకై కొండలు తొలువబడెను. 2013లో గ్రామస్థుల సహకారసంఘము జాతీయ హరిత న్యాయస్థానము నాశ్రయింపవలసివచ్చెను.

నేలను కాచుటతోపాటు, అందేమి గలదో వ్రాసి యుంచుటయు అవసరమని ఈ చరిత్ర చాటుచున్నది. 2002 నాటి జీవవైవిధ్య శాసనము ప్రతి స్థానికసంస్థయు ఇందులకొక కమిటీని ఏర్పరచవలెనని విధించినది. ఏ మూలిక ఏ గట్టున మొలచునో, ఏ నెలలో గింజ పట్టునో పెద్దల నోట విని పట్టికగా వ్రాయించుట ఆ కమిటీ పని. ఆ పట్టిక ప్రతి యొకటి గ్రామ గ్రంథాలయమున నున్నచో, ఊరి నేలను ఎవ్వరును ఉత్త బంజరని అనజాలరు.