బృహత్కథలో గణికాపుత్రి

విధి జతగూర్చిన దంపతుల కథలన్న మన గృహములలో నెల్లరకును మక్కువయే. పూర్వజన్మపు ప్రియురాలే మరల జన్మించుటయు, శాపగ్రస్తులైన దేవతలు మనుష్యులై యొండొరులను వెదకికొనుటయు, విద్యాధరులు కన్యకల నాకాశమార్గమున గొనిపోవుటయు నందు సామాన్యములు. ఇట్టి కథలను ఒక్క నాయకుని చుట్టును ఎడతెగక యల్లిన మహాగ్రంథము బృహత్కథ. గోదావరీతీరమున ప్రతిష్ఠానము నేలిన శాతవాహనుని యాస్థానమందలి గుణాఢ్యుడు దీనిని పైశాచీభాషలో రచించెనని ప్రతీతి. మూలము నశించినది. మిగిలిన సంస్కృతరూపములను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో నొక విచిత్రము గోచరించును.

కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరమును 1063కును 1081కిని నడుమ సూర్యవతీరాణి వినోదార్థమై వ్రాసెను. (ఆ రాణి 1081లో భర్తృచితి నధిరోహించినది, అది వేఱొక చరిత్ర.) ఇందు నాయకుడు వత్సరాజగు నుదయనుని కుమారుడు నరవాహనదత్తుడు. ఇతడు మన్మథావతారము, విద్యాధరచక్రవర్తి కానున్నవాడు. ఇతని భార్యలను లెక్కించుట మన కనవసరము, ముఖ్యురాలు మదనమంచుక. ఆమె తల్లి కళింగసేన తక్షశిలారాజపుత్రి. ఉదయనుని వరించి కౌశాంబికి వచ్చిన యామెను, మదనవేగుడను విద్యాధరుడు ఉదయనుని రూపము దాల్చి వంచించి పరిగ్రహించెను. మోసము వానిది, నింద యామెది! అట్టి తల్లి కడుపున బుట్టిన పిల్లను కోడలిగా దెచ్చుకొనుటకు రాజు లోకాపవాదమునకు వెఱచెను. అప్పుడాకాశవాణి పలికినది: మన్మథుని కొఱకు రతీదేవియే యీ రూపమున నవతరించినదట. శంక తీరినది, పెండ్లి జరిగినది.

రాజపుత్రిక కుమార్తెకు ఇంత పూచీ యేల కావలసివచ్చినది? నేపాళమున దొరకిన బుధస్వామి గ్రంథము, బృహత్కథాశ్లోకసంగ్రహము, దీనికి జవాబు చెప్పుచున్నది. ఫ్రెంచి పండితుడు లాకోత్ 1908 మొదలుకొని దానిని ప్రకటించెను. అందు కళింగసేన రాజపుత్రి కాదు, గణిక. నాయిక గణికాపుత్రి. మూలకథ కిదియే దగ్గఱ యని లాకోత్ యభిప్రాయము. మాకును సమంజసముగనే తోచుచున్నది. ఏలయన, తల్లిని రాజకులమున జేర్చినను, బిడ్డను రతీదేవిగా మార్చినను, కాశ్మీరకథలో ఆ పాతమచ్చ పూర్తిగా మాయలేదు. లోకాపవాదమను మాట యందు మిగిలియే యున్నది. మొదట నొక యువతి కులవృత్తిని విడిచి ధర్మపత్ని కాగోరిన కథ యిది కాబోలు. విధి వచ్చి యా కోరికను కప్పివేసినది. రతి మన్మథుని జేరుటలో నామె యిష్టముతో బనియేమి? తెగువతోడి పనియేమి?

గోదావరీతీరముననే, రాజమహేంద్రవరమున, వీరేశలింగము పంతులుగారు భోగముమేళములను నిరసించిరి. మేళము మానుమనుట కొప్పుకొన్న పెద్దలలో, మేళపు ఆడుబిడ్డను కోడలిగా బిలువగలవారెందఱు? 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించినప్పుడు, అట్లు సమర్పింపబడిన స్త్రీ వివాహమునకు అనర్హురాలని యే యాచారమును బట్టియు ననరాదని చట్టమునందే వ్రాయవలసివచ్చినది.