పెరటి కోడిపెట్టల్లో తొలి గుడ్ల సమస్యలు

కోడిపెట్ట గుడ్లకు వచ్చిన తొలి రెండు మూడు నెలల్లో కొన్ని తేడాలు కనిపిస్తాయి. గుడ్డు ఆలస్యం కావడం, పెంకు లేని తోలుగుడ్డు పెట్టడం, సొన లేని చిట్టి గుడ్డు రావడం, గుడ్డు లోపల అడ్డుపడటం, గుడ్డు సంచి బయటికి జారడం వీటిలో ముఖ్యమైనవి. వరంగల్, హనుమకొండ ప్రాంతాల పెరళ్లలో వీటికి రోగం కన్నా ఎక్కువగా కారణమయ్యేవి రెండు: ఉత్త గింజల మేత, ఏప్రిల్–మే ఎండలు.

ముందుగా జాతి చూసుకోవాలి. నాటు పెట్ట ఆరేడు నెలలకు గుడ్లకు వస్తుంది. పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఏడాదికి 50 నుంచి 80 గుడ్లు పెడితే అది మంచి పెట్టే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన గ్రామప్రియ మాత్రం సుమారు అయిదున్నర నెలలకే మొదలుపెట్టి, మేత బాగుంటే ఏడాదికి 200 దాకా పెడుతుంది. అక్కడిదే అయిన వనరాజాను మాంసం, గుడ్లు రెండింటి కోసం తీర్చారు కాబట్టి దాని గుడ్లు గ్రామప్రియ కన్నా తక్కువే. ఒకే పెరట్లో ఈ మూడూ తిరుగుతుంటే నాటు పెట్టకు ఏదో జబ్బు చేసిందని యజమాని అనుకోవడం మామూలే. గుడ్లకు దగ్గరపడిన పెట్టను గుర్తించడం కష్టం కాదు. తురాయి ఎర్రబారుతుంది, వీపు మీద చెయ్యి పెడితే కిందికి ఒదుగుతుంది, తోక కింద రెండు ఎముకల మధ్య రెండు వేళ్లు పడతాయి. ఈ గుర్తులు లేని పెట్టకు మందులు పోసి ప్రయోజనం లేదు.

అండాశయం నుంచి సొన విడుదలైన తర్వాత గుడ్డు తయారై బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. తెల్లసొన చేరడానికి మూడు గంటలు చాలు. పెంకు కట్టడానికే 20 గంటల వరకు కావాలి. లేత పెట్టలో ఈ వరుస ఇంకా కుదురుకోదు. ఒకేసారి రెండు సొనలు జారితే జంట సొన గుడ్డు వస్తుంది, సొన జారకుండానే గుడ్డు గొట్టం పనిచేస్తే చిట్టి గుడ్డు, పెంకు కట్టకముందే బయటపడితే తోలుగుడ్డు. తొలి రెండు మూడు వారాల్లో ఇలాంటివి అప్పుడప్పుడు వస్తే చికిత్స అక్కర్లేదు. వాటంతట అవే సర్దుకుంటాయి.

తోలుగుడ్లు ఆగకపోతే మేత గిన్నె వైపు చూడాలి. ఒక్కో పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల మక్కల్లో ఉండేది అందులో నూరో వంతు మాత్రమే. నూకలు దీనికన్నా మెరుగేమీ కావు. తవుడులో భాస్వరం చాలా ఉన్నా అది కోడి ఒంటికి పట్టని రూపంలో ఉండి, ఉన్న కాల్షియాన్ని కూడా పట్టి ఉంచుతుంది. లోటును పెట్ట తన ఎముకల నుంచి తీసి పూడుస్తుంది. అలా కొన్నాళ్లు గడిస్తే పెంకు పలచబడుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. పర్కాల, నర్సంపేట వైపు పల్లెల్లో పొలం గట్ల వెంట తిరిగే కోడి నత్తలు, పురుగులు, చెదలు ఏరుకుని కొంత నెట్టుకొస్తుంది. కాజీపేట కాలనీలో సిమెంటు వాకిట్లో గంప కింద ఉండే కోడికి ఆ దారి లేదు. ఆల్చిప్పల పొడి గానీ, సున్నపురాయి నలుసులు గానీ వేరే గిన్నెలో పెడితే పెట్ట తనకు కావలసినంతే తింటుంది. గోడలకు వేసే సున్నం పెట్టకూడదు, అది నోరూ గొంతూ కాలుస్తుంది. వాడిన గుడ్ల పెంకులను ఎండబెట్టి, మెత్తగా దంచి వేయాలి. పెంకు ముక్కలు అలాగే వేస్తే కోడికి తన గుడ్డునే పొడుచుకు తినే అలవాటు పడవచ్చు. గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. అందుకే దాన్ని నాలుగు నెలలు నిండని పిల్లలకు పెడితే మూత్రపిండాలు చెడిపోతాయి.

ఎండ చేసే నష్టం మేత లోపం కన్నా తక్కువేం కాదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లార్చుకుంటుంది. ఆ రొప్పుతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పెంకు కట్టే సరుకు కరువవుతుంది. పైగా వేడికి మేత కూడా తగ్గిస్తుంది. వరంగల్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. అక్టోబరు చివర్లో తెచ్చిన గ్రామప్రియ పిల్లలు సరిగ్గా ఏప్రిల్‌లో తొలి గుడ్డుకు వస్తాయి. జూన్, జూలైలో తెచ్చినవి చలికాలంలో మొదలుపెట్టి, ఎండలు ముదిరే నాటికి కుదురుకుని ఉంటాయి. మందుల ఖర్చు కన్నా ఈ నెలల లెక్క చూసుకోవడమే తెలివైన పని. మేతను చల్లటి పూట, అంటే తెల్లవారుజామున, సాయంత్రం వేసి, నీళ్ల కుండను నీడలో ఉంచాలి.

గుడ్లు తగ్గకుండా చలికాలంలో లైటు వేయాలన్న సలహా ఎక్కువగా శీతల దేశాల నుంచి వచ్చింది. వరంగల్‌లో అతి చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. నాటు పెట్టకు ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. గ్రామప్రియలాంటి వాటికి డిసెంబరులో రెండు మూడు గంటల దీపం కొంత పనికొస్తుంది, అంతే.

గుడ్డు అడ్డుపడటం మాత్రం అత్యవసరం. పెట్ట తోక దించి, ఒళ్లు నిటారుగా పెట్టి నిలబడుతుంది. పదే పదే ముక్కుతుంది, మేత ముట్టదు. కాల్షియం తక్కువైనప్పుడు, ఒళ్లు కొవ్వు పట్టినప్పుడు, గుడ్డు మరీ పెద్దదైనప్పుడు ఇలా జరుగుతుంది. అడ్డూ అదుపూ లేకుండా మేపిన వనరాజా పెట్టలు కొవ్వు పట్టి ఈ ప్రమాదంలో పడతాయి. గోరువెచ్చటి నీళ్లలో 15–20 నిమిషాలు నడుము వరకు కూర్చోబెట్టి, ద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, చీకటి మూలన ఒంటరిగా వదలాలి. గుడ్డును లోపల పగలగొట్టకూడదు, పెంకు ముక్కలు గుడ్డు గొట్టాన్ని కోస్తాయి. ఒక రోజు గడిచినా రాకపోతే పశువైద్యుడే దిక్కు.

గుడ్డు సంచి బయటికి జారిన పెట్టను ఆ క్షణమే వేరు చేయాలి. ఎర్రగా కనిపించేదాన్ని మిగతా కోళ్లు పొడిచి చంపేస్తాయి. శుభ్రం చేసి లోపలికి నెట్టినా మళ్లీ జారడం ఎక్కువ.

ఒక్క పెట్టకు కాకుండా మందకంతా గుడ్లు ఒక్కసారిగా పడిపోయి, ఆకుపచ్చని విరేచనాలు, మెడ వంకర కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. దానికి చికిత్స లేదు. మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా వేయించడమే రక్షణ. పిల్లప్రాయంలో సాంక్రమిక బ్రాంకైటిస్ సోకిన పెట్టల్లో కొన్నింటికి గుడ్డు గొట్టం శాశ్వతంగా చెడిపోతుంది. అవి చూడటానికి నిండుగా ఉన్నా గుడ్డు పెట్టవు. ఏలికపాములు, రాత్రిపూట గూటి సందుల్లోంచి వచ్చి రక్తం పీల్చే పురుగులు కూడా గుడ్లు తగ్గిస్తాయి. రెట్టలో ఏలికపాములు కనబడ్డాకే మందు పోయడం ఆలస్యపు పని.

సమస్యే కానివీ ఉన్నాయి. గడ్డివాము వెనక గుడ్లు దాచుకునే పెట్టను మధ్యాహ్నం దాకా గంప కింద కమ్మితే గుట్టు తెలుస్తుంది. పొదుగుకు కూర్చున్నది గుడ్లు ఆపడం దాని ధర్మం. పిల్లలు అక్కర్లేకపోతే గూడు తీసేసి, గాలి ఆడే చోట ఉంచితే కొద్ది రోజుల్లో పొదుగు మానుతుంది, తర్వాత మళ్లీ గుడ్లకు వస్తుంది.

వరంగల్ దగ్గరి మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. రెండూ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. వైద్యుడి దగ్గరికి పెట్టతో పాటు ఆ రోజు రెట్ట, చివరగా పెట్టిన గుడ్డు, వేస్తున్న మేత గుప్పెడు తీసుకెళ్లడం మంచిది. వైద్యుడు ఇచ్చిన మందు వాడినన్నాళ్లు, ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు తీరేదాకా ఆ గుడ్లు తినకూడదు.